లైన్ నడవకుండా ఎస్టిమేట్ వేయొద్దు

(కొత్తగా చేరిన ట్రాన్స్‌మిషన్ ఇంజినీర్ల శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ ఇంజినీర్ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, బోర్డు మీద లెక్కలు వేస్తాను కాబట్టి కనిపించాలి.

మీలో ఎవరినైనా లేపి, 220 కేవీ డబుల్ సర్క్యూట్ లైన్, అంటే ఒకే టవర్ల వరస మీద రెండు సర్క్యూట్లు నడిచేది, కిలోమీటరుకు ఎంతవుతుంది అని అడిగితే వెంటనే ఒక అంకె చెప్తారు. ఆఫీసులో అందరి నోటా ఉండే అంకె అది. ఐదేళ్ల ప్లాన్ తయారుచేసేటప్పుడు, ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టుబడి ప్రణాళిక పెట్టేటప్పుడు అలాంటి అంకె కావాలి, తప్పులేదు. కానీ దాన్నే కిలోమీటర్లతో హెచ్చవేసి, కింద సంతకం పెట్టి, ఇదే ఎస్టిమేట్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఎస్టిమేట్‌లో రేటు ఒకటి, పరిమాణం ఒకటి. రేటు మీకు ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రామాణిక రేట్ల పట్టికలో దొరుకుతుంది, అందులో లేకపోతే ఈమధ్య ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్‌లో దొరుకుతుంది, అక్కడా లేకపోతే ముగ్గురి దగ్గర కొటేషన్ తెప్పిస్తారు. పరిమాణం మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు, అది పొలంలో ఉంటుంది. నేను చూసినంతలో ఎస్టిమేట్లు తలకిందులైంది రేట్ల వల్ల తక్కువ, పరిమాణాల వల్ల ఎక్కువ.

ఒక లైన్ తీసుకుందాం. 40 కిలోమీటర్లు, 220 కేవీ, డబుల్ సర్క్యూట్, జీబ్రా కండక్టర్, అంటే అల్యూమినియం, స్టీల్ పోగుల తీగ. స్పాన్, అంటే టవర్‌కీ టవర్‌కీ మధ్య దూరం, 350 మీటర్లు అనుకుంటే 40,000ని 350తో భాగించండి, 115 స్పాన్లు, 116 టవర్లు. ఇంతవరకూ కుర్చీలో కూర్చుని చేయొచ్చు. కానీ ఇది స్కేలు పెట్టి గీసిన గీత మీద లెక్క. నిజం లైన్‌కి మధ్యలో ఊరు వస్తుంది, చెరువు వస్తుంది, రైలు కట్ట వస్తుంది, కొత్తగా వేసిన కోళ్లఫారం వస్తుంది. వాటన్నిటినీ తప్పించుకుంటూ వెళ్లాలంటే లైన్ వంగాలి. వంగిన ప్రతి చోటా యాంగిల్ టవర్ పడుతుంది. డీఏ టవర్ 2 డిగ్రీల వంపు దాకా, డీబీ 15 దాకా, డీసీ 30 దాకా, డీడీ 60 డిగ్రీల దాకా, చివర డెడ్ ఎండ్‌కి కూడా డీడీనే. డీఏతో పోలిస్తే డీడీ స్టీల్ బరువు రెట్టింపు దాకా ఉంటుంది, కొన్ని డిజైన్లలో ఇంకా ఎక్కువే. పైగా డీఏ మీద కండక్టర్ ఊరికే వేలాడుతుంది, మిగతా మూడింటి మీద కండక్టర్‌ని రెండువైపుల నుంచీ లాగి కట్టాలి, అందుకే వాటిని టెన్షన్ టవర్లు అంటాం, అంటే ఇన్సులేటర్లు, హార్డ్‌వేర్ కూడా పెరుగుతాయి, ఫౌండేషన్ కూడా పెరుగుతుంది. 116 టవర్లలో 15 యాంగిల్ టవర్లా, 35 యాంగిల్ టవర్లా అన్నది కిలోమీటరు రేటుకి తెలియదు. నడిచినవాడికి తెలుస్తుంది.

టవర్ ఎత్తు పెంచే ఎక్స్‌టెన్షన్ల సంగతి కూడా అంతే. కింద పాత 132 కేవీ లైన్ ఉంది, దాని మీదుగా పోవాలి, ప్లస్ 6, ప్లస్ 9 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేయాలి. నేషనల్ హైవే దాటాలి, రైల్వే ట్రాక్ దాటాలి. రైల్వే క్రాసింగ్ అంటే టవర్ ఎత్తు ఒక్కటే కాదు, వాళ్ల అనుమతి, వాళ్ల పర్యవేక్షణ చార్జీలు, వాళ్లు రైళ్లు ఆపి బ్లాక్ ఇచ్చేదాకా గ్యాంగ్ ఖాళీగా కూర్చునే రోజులు, ఇవన్నీ డబ్బులే.

ఇప్పుడు ఫౌండేషన్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

బిల్డింగ్ పునాది మీద బరువు కిందికి తొక్కుతుంది. టవర్ పునాది అలా కాదు. గాలి పక్క నుంచి కొడితే నాలుగు కాళ్లలో రెండు నేలలోకి దిగబడతాయి, రెండు నేలలోంచి పైకి లేస్తాయి. ఆ పైకి లేచే కాలును పట్టి ఉంచాలి, అదే అసలు డిజైన్. పట్టి ఉంచేది ఏమిటి? కాంక్రీటు బరువు, దాని మీద కప్పిన మట్టి బరువు. పొడి నేలలో ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది. నీళ్లలో మునిగితే తేలుడు బలం పోను 1,400 కిలోలే పనిచేస్తుంది. మట్టి పట్టు కూడా సడలిపోతుంది. అందుకే అదే టవర్‌కి నీటి నేలలో పునాది ఎంతో పెద్దదవుతుంది. నేల మట్టానికి 1.5 మీటర్ల కిందో, ఇంకా లోతులోనో నీళ్లు తగిలినా, వరిచేలలాగా పైన నీళ్లు ఎక్కువకాలం నిలిచినా వెట్ టైప్ అంటాం. 0.75 నుంచి 1.5 మీటర్ల మధ్య తగిలితే పార్షియల్లీ సబ్‌మెర్జ్‌డ్, 0.75 లోపే తగిలితే ఫుల్లీ సబ్‌మెర్జ్‌డ్. నల్లరేగడికి వేరే డిజైన్, పగుళ్ల రాయికి వేరే, గట్టి రాయికి వేరే.

నేను ఉద్యోగంలో ఉండగా డెల్టాలో ఒక 132 కేవీ లైన్ ఎస్టిమేట్ నా చేతికి వచ్చింది. సర్వే ఏజెన్సీ మే నెలలో పని చేసింది. మే నెలలో డెల్టా మీకు తెలుసు కదా, కాలవలు కట్టేసి ఉంటాయి, మినుములు తీసేసిన చేలు నెర్రెలు విచ్చి ఉంటాయి, బూటు వేసుకుని ఎక్కడికైనా నడవొచ్చు. రిపోర్టులో చాలా లొకేషన్లకు, అంటే టవర్ నిలబడే చోట్లకు, డ్రై అని రాసి ఉంది. నేను రెండు చోట్లకు వెళ్లి చూసి, పొడిగానే ఉంది కదా అని అదే వేశాను. టెండర్ అయింది, కాంట్రాక్టర్ వచ్చేసరికి ఆగస్టు. అప్పటికి కాలవలకు నీళ్లు వదిలారు, నాట్లు అయిపోయాయి. గొయ్యి తవ్వితే మోకాలు లోతులోనే నీళ్లు. డ్రై అని రాసిన ప్రతి లొకేషన్ వెట్‌కో, సబ్‌మెర్జ్‌డ్‌కో మారింది. కాంక్రీటు పెరిగింది, స్టీల్ పెరిగింది, ఎస్టిమేట్‌లో అసలు లేని నీళ్లు తోడే ఖర్చు, గోతి అంచులు కూలకుండా ఆపే షోరింగ్ ఖర్చు వచ్చిపడ్డాయి. నాటిన చేలో పని చేసినందుకు రైతుకు పంట నష్టం ఇవ్వాలి. రివైజ్డ్ ఎస్టిమేట్ పైకి వెళ్లి తిరిగి వచ్చేదాకా పని ఆగింది, ఆగినన్నాళ్లూ తవ్విన గోతులు అలాగే ఉన్నాయి. ఒక ముసలాయన రోజూ వచ్చి ఆ గోతి దగ్గర నిలబడేవాడు. "ఎప్పుడు పూడుస్తారు బాబూ, గేదె పడుద్ది" అనేవాడు. నా దగ్గర జవాబు లేదు. తప్పు సర్వే ఏజెన్సీదని అనొచ్చు, కానీ సంతకం నాది.

అప్పటి నుంచి నేను పాటించిన పద్ధతి చెప్తాను. సర్వే ఏ నెలలో అయినా సరే, ప్రతి లొకేషన్ దగ్గర ఆ చేను ఆసామిని అడగాలి, బోరు ఎంత లోతులో పడింది, వానాకాలంలో నీళ్లు ఎన్నాళ్లు నిలబడతాయి, పక్కన ఉన్న కాలవ ఎప్పుడు వదులుతారు అని. ఆయన చెప్పింది లొకేషన్ నంబర్ వేసి రాసుకోవాలి. కనీసం నాలుగైదు లొకేషన్లకు ఒక ట్రయల్ పిట్ తవ్వించాలి. నేల రకం మారిన చోట తప్పకుండా తవ్వించాలి. డెల్టాలో పని చేయడానికి సందు ఎంత ఉందో కూడా రాయాలి: మినుములు, పెసలు తీశాక, మళ్లీ కాలవలు వదిలేలోపు. ఆ సందులో మొత్తం ఫౌండేషన్లు అవుతాయా, అవ్వకపోతే ఎన్ని గ్యాంగులు పెట్టాలి, గ్యాంగు పెరిగితే రేటు ఎంత పెరుగుతుంది? ఇదంతా ఎస్టిమేట్‌లో భాగమే.

గాలి గురించి చిన్న మాట. గాలి లోడ్‌కి చూసే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్ బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖ 50 మీటర్లు. 44కి 50కి పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, 50ని 44తో భాగించి వర్గం చేస్తే 1.29, అంటే 29 శాతం ఎక్కువ గాలి ఒత్తిడి. తెలంగాణలో వేసిన లైన్ స్టీల్ టన్నేజీ తీసుకొచ్చి శ్రీకాకుళం ఎస్టిమేట్‌లో పెట్టకూడదు అనేది ఇందుకే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదకి వచ్చినప్పుడు కరెంటు వ్యవస్థ ఏమైందో మీలో ఆ జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కండక్టర్‌కి వద్దాం. డబుల్ సర్క్యూట్ అంటే ఆరు తీగలు, 40 కిలోమీటర్లకు 240 కిలోమీటర్ల జీబ్రా, తీగ కిందికి వేలాడే సాగ్‌కి, వృథాకి ఒకటి రెండు శాతం కలపండి. జీబ్రా కిలోమీటరుకు దాదాపు 1.62 టన్నులు, మొత్తం 390 టన్నులు, అందులో అల్యూమినియం ఒక్కటే 280 టన్నుల పైన. అల్యూమినియం టన్నుకు 10,000 రూపాయలు పెరిగితే ఈ ఒక్క లైన్ మీద 28 లక్షలు. ధర ఎంతలా ఊగుతుందో చూడండి, 2022 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్చేంజిలో టన్ను 4,000 డాలర్ల దగ్గరికి పోయింది, అదే ఏడాది సెప్టెంబర్ చివరికి 2,200 లోపుకి దిగింది. ఆరు నెలల్లోనే. అందుకే రేటు రాసినప్పుడు పక్కన ఏ నెల రేటో రాయండి. ప్రైస్ వేరియేషన్ ఫార్ములా ఉంది కదా, విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం ఐఈఈఎంఏ ఇచ్చే ధరల సూచీలు చూసి తర్వాత సరిచేస్తాం కదా అంటారు. అవును, కాంట్రాక్టర్‌కి సరిచేస్తాం. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? మీ ఎస్టిమేట్‌లో దానికి చోటు ఉంటేనే వస్తుంది.

(సభలో ఒకరు: సార్, ఆర్‌ఓడబ్ల్యూ కాంపెన్సేషన్‌కి, అంటే లైన్ వెళ్లే దారిలోని భూమికి ఇచ్చే పరిహారానికి, లంప్‌సమ్ వేయొచ్చా?)

మంచి ప్రశ్న, అక్కడికే వస్తున్నాను. వేయొద్దమ్మా. లంప్‌సమ్ అన్నమాటే వద్దు. లెక్క వేద్దాం, కష్టమేమీ కాదు. 220 కేవీకి కారిడార్, అంటే తీగల కింద వదిలే దారి, వెడల్పు 35 మీటర్లు. 40 కిలోమీటర్లకు 14 లక్షల చదరపు మీటర్లు, అంటే 140 హెక్టార్లు, దాదాపు 346 ఎకరాలు. ఎకరం విలువ 20 లక్షలు అనుకుందాం, ఇది ఉదాహరణకే, మీ మండలంలో రిజిస్ట్రేషన్ విలువ ఎంతో తెచ్చుకోండి. కారిడార్‌లో ఉన్న మొత్తం భూమి విలువ 69 కోట్లు. కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబర్ మార్గదర్శకాల్లో టవర్ కాళ్ల మధ్య భూమికి విలువలో 85 శాతం, కారిడార్‌కి 15 శాతం మించకుండా అని ఉండేది. అప్పుడు కారిడార్‌కి 10 కోట్ల 40 లక్షలు. 2024 జూన్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, టవర్ బేస్‌కి 200 శాతం, కారిడార్‌కి 30 శాతం. అప్పుడు 20 కోట్ల 80 లక్షలు. ఒక్క కాగితంతో లైన్ ఎస్టిమేట్ 10 కోట్లు మారింది. టవర్ బేస్ 10 మీటర్లకు 10 మీటర్లు అనుకుంటే 116 టవర్లకు మూడు ఎకరాలు కూడా రాదు, కాబట్టి అక్కడ 85 అయినా 200 అయినా తేడా లక్షల్లోనే ఉంటుంది. అసలు బరువు అంతా కారిడార్ మీదే. రాష్ట్రం ఏ ఉత్తర్వు అమలు చేస్తోందో, కలెక్టర్ ఏ విలువ ఖరారు చేశారో ఆ కాగితం ఎస్టిమేట్‌కి జత చేయండి.

చట్టం ప్రకారం మనం భూమి కొనడం లేదు. విద్యుత్ చట్టం 2003లో 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ చట్టం నాటి అధికారాలు తీసుకుని, రైతు పేరు మీదే భూమి ఉంచి, పైన తీగ లాగుతున్నాం. తీగ కింద ఆయన వరి వేసుకోవచ్చు, కానీ ఇల్లు కట్టుకోలేడు, కొబ్బరి పెట్టుకోలేడు, ఆ ఎకరం అమ్మబోతే సగం మంది కొనరు. ఆ నష్టం తరతరాలు ఉంటుంది. కాబట్టి ఈ పద్దు కింద ఎస్టిమేట్ తగ్గించి చూపించడం పొదుపు కాదు, రైతు జేబులోంచి తీసి ప్రాజెక్టులో వేయడం. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను.

పంట నష్టం వేరే. అది ఒక్కసారి కాదు, ఫౌండేషన్‌కి ఒకసారి, టవర్ ఎరెక్షన్‌కి ఒకసారి, తీగ లాగే స్ట్రింగింగ్‌కి ఒకసారి, మూడుసార్లు చేలోకి దిగుతాం. చెట్లు వేరే. కోనసీమలో కొబ్బరి, ఏలూరు వైపు ఆయిల్ పామ్, నూజివీడు వైపు మామిడి. చెట్టు చెట్టూ లెక్కపెట్టి, వయసు రాసి, ఉద్యాన శాఖ వాళ్ల విలువ తీసుకోవాలి. 35 మీటర్ల వెడల్పున తోటలో కిలోమీటరు నడిస్తే ఎన్ని చెట్లు పోతాయో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. ఒక్కోసారి ఆ లెక్క చూశాక లైన్‌ను కిలోమీటరు చుట్టు తిప్పడమే చవక అని తేలుతుంది, రెండు యాంగిల్ టవర్లు పెరిగినా సరే.

అడవి తగిలితే రూట్‌ను ఇంకోసారి చూడండి. డబ్బు కంటే కాలం ఎక్కువ పోతుంది. కాలం అంటే వడ్డీ. లైన్ మీద 40 కోట్లు ఖర్చయ్యాక ఒక్క లొకేషన్ దగ్గర ఏడాది ఆగింది అనుకోండి. 9 శాతం వడ్డీ వేసినా 3 కోట్ల 60 లక్షలు. 115 టవర్లు నిలబడి ఒక్కటి నిలబడకపోతే ఆ లైన్‌లో కరెంటు పోదు కదా. ఆ ఒక్క రైతుతో మాట్లాడటానికి ఎస్టిమేట్ దశలోనే వెళ్లి ఉంటే ఈ 3 కోట్ల 60 లక్షలు మిగిలేవి.

సబ్‌స్టేషన్ సంగతి. ఇక్కడ సామాన్ల జాబితా చాలావరకు డ్రాయింగ్‌లోంచి వచ్చేస్తుంది, ఎన్ని బేలు (ఒక్కో లైన్‌కో, ట్రాన్స్‌ఫార్మర్‌కో పెట్టే సామాన్ల వరస), ఎన్ని బ్రేకర్లు, ఐసోలేటర్లు, కరెంటును, వోల్టేజీని కొలవడానికి సీటీలు, పీటీలు, లైట్నింగ్ అరెస్టర్లు, ప్యానెల్స్. సింగిల్ లైన్ డయాగ్రమ్ సరిగ్గా ఉంటే ఇందులో పెద్ద తప్పులు రావు. మర్చిపోయేది అవతలి కొస. కొత్త లైన్ పాత సబ్‌స్టేషన్‌లో దిగుతుంది, అక్కడ ఒక బే కావాలి, ఆ బేకి స్థలం ఉందా, బస్‌బార్ ఆ లోడ్ మోస్తుందా, రెండు కొసల కరెంటును పోల్చి లోపం పట్టే లైన్ డిఫరెన్షియల్ రిలే పెడితే రెండు కొసల్లోనూ జత కుదిరేదే ఉండాలి, అక్కడ పాత ప్యానెల్ ఉంటే మార్చాలి. ఈ పద్దు ఎన్ని ఎస్టిమేట్లలో ఎగిరిపోయిందో నేను చూశాను.

భూమి ఉచితంగా వచ్చింది కదా అని సంబరపడొద్దు. ప్రభుత్వ భూమి ఇస్తారు, అది ఊరి చివర పల్లంలో ఉంటుంది. 5 ఎకరాలు మీటరున్నర ఎత్తు లేపాలంటే 30,000 ఘనమీటర్ల పైన గ్రావెల్ కావాలి. ఘనమీటరుకు 400 వేసుకున్నా కోటీ 20 లక్షలు. గరిష్ఠ వరద మట్టం ఎంతో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మెయిన్ రోడ్డు నుంచి సైటుదాకా కల్వర్టులు చూడండి. 160 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నూనె లేకుండానే వంద టన్నుల దగ్గర ఉంటుంది, ట్రైలర్ బరువు అదనం. ఆ బరువు ఆ కల్వర్టు మోయకపోతే దాన్ని బలపరిచే ఖర్చు మీదే.

ఎర్త్‌మ్యాట్, అంటే సబ్‌స్టేషన్ నేలలో పాతే ఎర్తింగ్ స్టీల్ వల కూడా అంతే. ఎంత స్టీల్ పడుతుందో నేల చెప్తుంది. నాలుగు పిన్నులు పాతి రెసిస్టివిటీ, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవండి. రాతి నేలలో ఒక రకం, రేగడిలో ఒక రకం వస్తుంది. పాత స్టేషన్ ఎస్టిమేట్ కాపీ చేస్తే రాతి నేలలో ఎర్త్ రాడ్లు చాలవు, ఇక అది డబ్బు సమస్య కాదు, ఆపరేటర్ ప్రాణం సమస్య.

ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. రెండు ఆఫర్లలో నో లోడ్ లాస్ తేడా 10 కిలోవాట్లు అనుకోండి. ఏడాదికి 8,760 గంటలు, లోడ్ ఉన్నా లేకపోయినా ఆ నష్టం నడుస్తూనే ఉంటుంది, 87,600 యూనిట్లు. 25 ఏళ్లకు దాదాపు 22 లక్షల యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు వేసుకుంటే కోటి పైన, నేటి విలువకు తగ్గించి చూసినా చిన్న మొత్తం కాదు. అందుకే టెండర్లలో లాస్ క్యాపిటలైజేషన్ పెడతాం, అంటే ఆ నష్టం విలువను కూడా ధరకు కలిపి పోలుస్తాం. ఎస్టిమేట్‌లో చవక ట్రాన్స్‌ఫార్మర్ రేటు వేసి, టెండర్‌లో తక్కువ లాస్ అడిగితే రెండూ కలవవు.

ఆపైన రవాణా, ఇన్సూరెన్స్, 18 శాతం జీఎస్టీ, ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీలు, నిర్మాణ కాలం వడ్డీ, కంటింజెన్సీ. వీటికి మీ సంస్థ శాతాలు ఉన్నాయి, అవి వేయండి. కంటింజెన్సీ అంటే తెలియనిదాని కోసం పెట్టేది. తెలుసుకోగలిగి తెలుసుకోనిదాన్ని అందులో దాచకూడదు.

(సభలో ఒకరు: సార్, ఇప్పుడు శాటిలైట్ బొమ్మలు, డ్రోన్ సర్వే వచ్చాయి కదా, ఇంకా నడవాలా?)

వాటిని వాడండి, తప్పకుండా వాడండి. మేము మూడు నెలలు తిరిగి చేసిన నేల ఎత్తుపల్లాల ప్రొఫైల్ ఇప్పుడు డ్రోన్ కొద్ది రోజుల్లో ఇస్తుంది, మూడు రూట్లు పోల్చి చూడొచ్చు, చెట్ల ఎత్తు కూడా తెలుస్తుంది. మా కాలంలో అది ఉంటే ఎంత బాగుండేదో. కానీ డ్రోన్ నేల పైభాగం చూస్తుంది, మూడు మీటర్ల కింద ఏముందో చూడదు. ఆ చేను అన్నదమ్ముల పంపకంలో ఉందని, కోర్టులో ఉందని, వచ్చే ఏడాది అక్కడ లేఅవుట్ వేస్తారని దానికి తెలియదు. టీకొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది.

రేపటి ప్రోగ్రాం అదే. పొద్దున ఆరింటికి బస్సు బయల్దేరుతుంది, ఎండ ఎక్కకముందే మొదటి ఐదు లొకేషన్లు నడుద్దాం. ఒక్కొక్కరూ ఒక నోట్‌బుక్, టేపు, మంచినీళ్లు తెచ్చుకోండి. మూడో లొకేషన్ దగ్గర గొయ్యి తవ్వించి ఉంచమని చెప్పాను, రాత్రికి అందులో నీళ్లు ఎంత ఊరతాయో పొద్దున్నే కొలుద్దాం.